తొడుగు లేని చెయ్యి

తోడల్లుడు శశికాంత్ పెరట్లో తేనెపెట్టె పెట్టి పది రోజులైంది. ఆ పది రోజులూ కనకయ్యకు ఇంట్లో ఈగల మోతే.

"మా మరిది తేనెటీగలు పెంచుతున్నడు!" అని భార్య శాంత పొద్దున మొదలుపెడితే పొయ్యి కట్టేసేదాకా అదే పాట.

కనకయ్య జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఓ ఇండియన్ హోటల్లో పద్నాలుగేళ్ళుగా తందూరి పొయ్యి ముందు చేతులు కాల్చుకున్నాడు. కరోనాకు హోటలు మూతబడి ఆరు నెలలు. శశికాంత్ మాత్రం నిక్కరు మీద ఇంట్లోనే కూర్చుని కార్ల కంపెనీ ఉద్యోగం వెలగబెడుతూ తీరిగ్గా ఈగల్ని కాస్తున్నాడు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, మేనమామ వెంట అడవిలో తేనె తీసిన మనిషి కనకయ్య. ఆ సంగతి పెళ్ళానికి ఒక్కసారీ గుర్తురాలేదు.

ఆదివారం పెట్టె తెరిచి చూద్దామని శశికాంత్ పిలిస్తే కనకయ్య, శాంత వాళ్ళింటికి వెళ్ళారు. శాంత, చెల్లెలు హారిక వంటింట్లో కిటికీ మూసుకుని పులిహోర కలుపుతున్నారు. శశికాంత్ తెల్లబట్టలు, చేతులకు తొడుగులు, నెత్తిన వలటోపీతో వచ్చాడు. వల లోపల మళ్ళీ మాస్కు.

"ఈగలకు గూడ టెస్టు చేయించినవా ఏందయ్యా?"

"నువ్వు పక్కనుంటవు గదన్నా, జాగ్రత్త మంచిది," అని నవ్వి, శశికాంత్ మూత తీశాడు. "ఇయ్యాల గుడ్లు కనబడాలె. కనబడకుంటే రాణి లేనట్టే. తేనెటీగల సంఘం ముసలాయన రేపు కొత్త రాణిని తెస్తనన్నడు. కానీ పాతది ఉండంగ కొత్తది పెడితే కొట్టుకు చస్తయి. పెట్టె మొత్తం ఖరాబు."

పట్టు కట్టిన ఒక చెక్క ఫ్రేము పైకి లాగి చూశాడు. మాస్కులోంచి ఊపిరి తన్ని కళ్ళద్దాలు మసకబారాయి. ముఖం వాడిపోయింది.

"లేవన్నా. ఒక్కటి గూడ లేదు."

కనకయ్య వంగాడు. ఉన్నాయి. గదికొకటి, సేమ్యా తునకల్లా, అడుగున నిలబడి ఉన్నాయి. తను నోరు మెదపకపోతే చాలు. రేపటితో ఈ పెట్టె ఖతం, శాంత పాటా ఖతం.

"ఊఁ," అన్నాడు.

ముసలాయనకు ఫోన్ చేయడానికి శశికాంత్ తొడుగు ఊడదీశాడు. అప్పుడే ఈగల మధ్యనుంచి రాణి బరువుగా నడిచొచ్చింది. చుట్టూ ఈగలు దారి ఇస్తున్నాయి. ఈగపిల్లలున్న పట్టు వైపు మేనమామ కత్తి పెట్టనిచ్చేవాడు కాదు. ఓసారి పెట్టబోతే కనకయ్య చెంప పగలగొట్టాడు. ఇన్నేళ్ళకు ఆ చెంప మళ్ళీ చుర్రుమంది.

"ఫోను ఆపు. ఇటియ్యి."

వట్టి చేత్తో ఫ్రేము అందుకుని, ఎండకు వీపు పెట్టి, భుజం మీంచి వెలుగు గదుల్లో పడేట్టు వంచి పట్టుకున్నాడు. "అద్దాలు తుడుచుకో. బియ్యంల పురుగులేరేటప్పుడు ఎట్ల చూస్తరు? అట్ల చూడు."

"అన్నా! ఉన్నయి! రాణి గూడ!" శశికాంత్ చిన్నపిల్లాడిలా ఎగిరాడు. టకటకా ఫొటో తీశాడు. కంచె అవతలి జర్మన్ ఆవిడ "సూపర్, శశీ!" అని చప్పట్లు కొట్టింది. కనకయ్య వైపు చూడనైనా లేదు.

తిరుగు బస్సులో శాంత ఫోన్ మోగింది. కుటుంబం గ్రూపులో ఆ ఫొటో. ఒక ఫ్రేము, దాన్ని పట్టుకున్న చెయ్యి. మణికట్టు మీద వేలెడంత కాలిన మచ్చ.

"మా మరిదికి ఎంత ధైర్యమో చూసినవా! తొడుగు గూడ లేకుండ పట్టుకున్నడు."

కనకయ్య కోటు జేబులోంచి చెయ్యి తీసి, మచ్చ పైకి కనబడేలా, ఆమె ఫోన్ మీద పెట్టాడు.

"చెయ్యి జరుపు, హారికకు జవాబు రాస్తున్న," అంది శాంత.

కనకయ్య జరపలేదు.