నలభై నిమిషాల మొండితనం

డిస్కులో మిగిలిన చోటును ఆమె ఆ సోమవారం ఉదయం మూడోసారి చూసింది. నాలుగు శాతం. వేరే డిస్కులో ఉండి ఆస్పత్రి ల్యాబ్ ఫలితాలన్నీ దాచే డేటాబేస్ నలభై గిగాబైట్లే. అందులో జరిగే ప్రతి మార్పునూ వరుసగా రాసుకునే లాగ్ ఫైలు మాత్రం ఈ డిస్కులో మూడువందలు దాటి బోదకాలులా వాచి ఉంది. నొప్పిపెట్టే మణికట్టుకు పట్టీ బిగించుకుని ఆమె కారణం వెతికింది. లాగ్‌ను రోజూ మరోచోటికి కాపీ చేస్తేనే దానిలో పాత చోటు ఖాళీ అవుతుంది. శుక్రవారం సాయంత్రం ఆ కాపీకి వాడే పాస్‌వర్డును ఎవరో మార్చారు, ఆమెకు చెప్పలేదు, అప్పటినుంచి కాపీ ఆగిపోయింది. వాపు ఫైలుది, జబ్బు మరొకచోటిది.

ఏదీ పారెయ్యదని పంతొమ్మిదేళ్లుగా అందరూ ఆమెను పిసినారి అంటున్నారు.

"ఆ లాగ్‌ను కోసెయ్యండి మేడమ్," అన్నాడు మేనేజరు గుమ్మంలోనే నిలబడి. "ఐదు నిమిషాల పని."

"ముందు కాపీ సార్. నలభై నిమిషాలు."

"అరగంటలో డిస్కు నిండుతుంది. ల్యాబ్ ఆగిపోతుంది!"

"ఆగనివ్వండి. కాగితం మీద రాసుకోమని చెప్పాను. డేటా డిస్కు రెండ్రోజులుగా మూలుగుతోంది. శుక్రవారం నుంచి వచ్చిన ఫలితాలకు ఈ లాగ్ ఒక్కటే నకలు. దీన్ని కోశాక ఆ డిస్కు చచ్చిందంటే మూడు రోజుల ఫలితాలు గాల్లో కలిసినట్టే. అందర్నీ మళ్లీ సూదులతో పొడుద్దామా?"

"నాకే ఎదురు చెప్తున్నారా?"

"అవును సార్."

ఆమె కొత్త పాస్‌వర్డు పెట్టి కాపీ మొదలుపెట్టింది.

ఆమె తల్లి బతికిన చివరి వారంలో ఒక ల్యాబ్ తన రక్తపరీక్ష ఫలితాన్ని పోగొట్టింది. మళ్లీ నెత్తురు తీయవలసివచ్చి, నరం దొరకక నాలుగుచోట్ల పొడిచారు. "ఎవరి అజాగ్రత్తకో నా చెయ్యే దొరికిందా?" అంది తల్లి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకనే, లెక్కల పాఠాలు చెప్పుకునే కూతురు ముప్పై ఆరో ఏట ఈ పని నేర్చుకుంది.

ఫోన్ మోగింది. ల్యాబ్ నర్సు.

"పిసినారక్కా, మా చేతిరాత చూస్తే డాక్టర్లే నయమంటావు. ఇంకా ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు. తేదీ, టైము వెయ్యడం మరిచారో, వచ్చి తంతా."

డిస్కు నిండింది. ల్యాబ్ తెరలు స్తంభించాయి. పన్నెండు నిమిషాల తరువాత కాపీ ముగిసింది. అప్పుడే ఆమె ఫైలును కుదించింది. అదీ సున్నాకు కాదు, రోజు పనికి సరిపడా నూట ఇరవై గిగాబైట్లకు. తెరలు కదిలాయి.

మధ్యాహ్నం మేనేజరు ఆమె చేతికి ఉత్తర్వు ఇచ్చాడు. ఆమె ఉద్యోగం ఆ రోజుతో సరి. సంజాయిషీ మాత్రం రాసి వెళ్లాలి.

"'నా పొరపాటు వల్ల ల్యాబ్ ఆగింది' అని రెండు ముక్కలు రాయండి, చాలు," అన్నాడు.

ఆమె రెండు పేజీలు రాసింది. సర్వరు రికార్డు ప్రకారం, శుక్రవారం ఆరు గంటలకు పాస్‌వర్డు మార్చమన్నది మేనేజరు. దానివల్ల కాపీ ఆగింది, అందువల్ల లాగ్ వాచింది. ల్యాబ్‌ను పన్నెండు నిమిషాలు ఆగనిచ్చింది తాను, తెలిసే ఆగనిచ్చింది. డేటా డిస్కును ఇవాళే మార్చాలి.

మేనేజరు ముఖం ఎర్రబడింది. "ఇంత ఎవరు చదువుతారు? తగ్గించండి."

"కుదరదు సార్. ఒక్క వాక్యం తీసినా మిగతాది అబద్ధమవుతుంది."

సంతకం చేసి మూడు ప్రతులు తీసింది. ఒకటి అతని బల్లమీద పెట్టింది. ఒకటి ల్యాబ్ నర్సుకు ఇచ్చింది. తరువాత సంచి భుజాన వేసుకుని, ఎవరినీ పలకరించకుండా మెట్లు దిగిపోయింది.

మూడోది సర్వరు బీరువా తలుపు మీద ఉంది. లోపలి ఫ్యాన్ల గాలికి నడుమ ఉబ్బి కొట్టుకుంటున్నా, నాలుగు మూలలా అంటించిన టేపు మాత్రం ఊడలేదు.