అడ్డకర్రకు మొక్కులు

నేను ఒక అడ్డకర్రను. మోకాలెత్తు, ఈ గోడనుంచి ఆ గోడదాకా టేకు. నన్ను చేయించింది దేవుడి కోసమేం కాదు. రాళ్ళవాగు చర్చిలో ముందు పెద్దకులాలు, వెనక మాలపల్లె కూర్చోవాలని. నన్ను చెక్కిన ఆరోగ్యం మాలపల్లెవాడే. ముందువైపు నిలబడి బిగించాడు. పని కాగానే వెనకవైపుకి వచ్చెయ్యమన్నారు. తర్వాత రెండు వైపులవాళ్ళూ కలిసి పాడారు, మనమంతా ఒక్కటేనని.

రెండువందల ఏళ్ళయ్యాక తుఫానుకి కప్పు సగం కూలింది. కూలింది ముందువైపే. అప్పుడైనా నన్ను పొయ్యిలో పెడతారనుకున్నాను. పెట్టలేదు. ముందువాళ్ళు తడవకుండా నన్ను ఊడబెరికి, ఆరడుగులు వెనక్కి జరిపి బిగించారు. ఆ తెలివిలో సగం కప్పుమీద పెట్టుంటే బాగుండేది.

ఇప్పుడు రోడ్డుపక్కన కొత్త చర్చి ఉంది. ఈ శిథిలాన్ని చూడ్డానికి బస్సులు వస్తాయి. సంఘపెద్ద మర్రెడ్డి వాళ్ళకు నన్ను పవిత్రమైన కర్ర అని చూపిస్తాడు. జనం మొక్కుకుని రిబ్బన్లు కడతారు. ఇన్నేళ్ళూ మనుషుల్ని ఆపినందుకు నాకీ అలంకారం.

ఇక్కడ ఊడ్చే శౌరమ్మకు డెబ్బై ఏళ్ళు. అటువైపు ఊడవాలంటే బయటనుంచి చుట్టూ తిరిగి వస్తుంది, నన్ను దాటదు. నా సంగతి ఎవరికైనా చెప్తే పని ఊడుతుందని మర్రెడ్డి ముందే హెచ్చరించాడు. ఆమెకు ఆ జీతమే కూడు.

మొన్న ఆదివారం పిల్లల్లేని ఒకమ్మాయి వచ్చి నాకు నుదురు ఆనించింది. శౌరమ్మ చీపురు కింద పడేసింది.

"లెగు తల్లీ. ఇది మమ్మల్ని అటు రానీకుండా పెట్టిన కర్ర. మా అమ్మ చిన్నప్పుడు దాటితే చింతబరికెతో వాతలు తేల్చారు."

"నోరు ముయ్యి శౌరీ. రేపట్నించి పనిలోకి రామాక," అన్నాడు మర్రెడ్డి.

"రాను లెండి. చెప్పాల్సింది చెప్పే పోతా."

ఆ అమ్మాయి లేచి నుదురు తుడుచుకుంది. "నువ్వెప్పుడన్నా దాటావా మామ్మా?"

"భయం తల్లీ. కాళ్ళు రాలేదు."

అమ్మాయి చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని నన్ను దాటింది. బస్సులో వచ్చిన ఆడవాళ్ళంతా వరసగా దాటారు. కాళ్ళు తగలకూడదని మర్రెడ్డి అరుస్తున్నాడు. తగిలాయి, బురదతో సహా. హాయిగా ఉంది.

శౌరమ్మకు మోకాలు లేవలేదు. ఇద్దరు చెరోవైపు పట్టుకుని, మర్రెడ్డి చూస్తుండగానే, ఆమెను ఎత్తి అటు దించారు.

ఆమె పని పోయింది. నా పనీ పోయింది.