బాణలికీ నాకూ ఒకటే పేరు

ఆ మాట నేనిక్కడ రాయను. వచ్చిన చోటల్లా చుక్కలు పెడతాను, దానికి అవే ఎక్కువ. మీకు తెలియని మాటేమీ కాదు. మా జాతివాళ్ళు వీధిలో కనపడగానే ఎవరి నాలుక చివరనైనా తయారుగా ఉండేదే. ఒంటి రంగు నలుపై, జుట్టు ఉంగరాలు తిరిగి ఉంటే చాలు, పేరేమిటని ఎవరూ అడగరు, వాళ్ళే పెట్టేస్తారు. మా ముత్తాతలు ఎక్కడినుంచో ఓడలో వచ్చారంటారు. ఆ ఓడ నేను చూడలేదు, వాళ్ళ భాషలో ఒక్క ముక్క నాకు రాదు. నాకు కల వచ్చినా కోపం వచ్చినా ఈ భాషలోనే వస్తుంది. కోపం కాస్త ఎక్కువే వస్తుంది.

నేను పనిచేసేది ఫ్యాక్టరీ క్యాంటీనులో. రెండు షిఫ్టుల వాళ్ళకీ అక్కడే వంట. అక్కడ ఆ మాట మొదట నాది కాదు, బాణలిది. మా గదిలో అన్నిటికన్నా పెద్ద బాణలి, ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు, ఎంత తోమినా మసి వదలదు. దానికి ఎవరో ఎప్పుడో ఆ పేరు తగిలించారు. నేను చేరిన రోజున, వడ్డించే మీసాలాయన నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, "మాస్టారూ, దీనికి తోడబుట్టింది వచ్చింది" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. కొత్త కదా, సిగ్గుపడుతోంది అనుకున్నారు.

ఆ పూటనుంచి బాణలికీ నాకూ ఒకటే పేరు. "…… ని పొయ్యెక్కించండి" అంటే బాణలి. "……, ఉల్లిపాయలు తరిగావా?" అంటే నేను. "…… ని ఇటు జరపండి" అన్నప్పుడు మాత్రం ఒక్క క్షణం అందరూ ఆగి, ఇద్దరిలో ఎవరా అని చూసుకునేవాళ్ళు. అదొక వినోదం. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

వంటమాస్టారు చెడ్డవాడైతే నాకు హాయిగా ఉండేది. నాలుగు దులిపేసి, తలుపు దడాలున వేసి వెళ్ళిపోయేదాన్ని. తంటా ఏమిటంటే ఆయన మంచివాడు. ఉల్లిపాయ ఏ రంగుకు తిరిగితే మంట తగ్గించాలో, అంతంత గిన్నెల్లో అడుగంటకుండా గరిటె ఎలా తిప్పాలో ఆయనే నేర్పాడు. నాకు జ్వరమొస్తే నా వంతు గిన్నెలు తనే తోమాడు. తన రిటైర్మెంటు దగ్గర పడుతోందని నలుగురూ గుసగుసలాడుతుంటే, "నా తర్వాత ఈ పొయ్యిలు దీనివే" అని మేనేజరు ముందే అన్నాడు. ఆ మాట చెప్పిన నోరే ఈ మాట కూడా అనేది. దీన్ని ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "మాస్టారూ, నాకు మా అమ్మ పెట్టిన పేరొకటుంది కదా."

"ఉందిలే, ఎవరు కాదన్నారు? ఇది ముద్దుపేరు."

"నాకు ముద్దుగా లేదే."

"అన్నిటికీ మొహం మాడ్చుకుంటే ఎలాగే? వీణ్ణి మీసాలు అనట్లేదా? నన్ను వెనకాల బట్టతల అనట్లేదా?"

"మీసాలు ఆయన పెంచుకున్నవి. నచ్చకపోతే గొరిగించుకుంటాడు. నేనేం గొరిగించుకోను? మీ బట్టతల మీ ఒక్కరిదే మాస్టారూ. ఈ పేరు మా అమ్మకీ, మా అన్నకీ, రోడ్డు మీద పోయే మావాళ్ళందరికీ కలిపి పెట్టింది."

"మీ అన్నే అంటాడుగా! గేటు దగ్గర నిలబడి నిన్ను అలాగే పిలుస్తాడు. నా చెవులతో విన్నా."

నిజమే. మా అన్నయ్య నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు, గేటు అవతలినుంచి ఆ మాటే పెట్టి కేకేస్తాడు. మాలో మేం అనుకుంటాం. అలా అనుకోవచ్చా అంటే నా దగ్గర చక్కటి జవాబేమీ లేదు, కానీ ఆ క్షణానికి నోటికొచ్చింది అనేశాను.

"మా అన్న పిలిస్తే నేనొక్కదాన్నే తిరిగి చూస్తాను మాస్టారూ. మీరు పిలిస్తే నాతోపాటు బాణలి కూడా తిరిగి చూస్తుంది."

ఆయన పడీ పడీ నవ్వాడు. "దీని నోటి ముందు ఎవరూ నిలవలేరురా" అని గదంతా తిరిగి చెప్పుకున్నాడు. నా బాధ కాస్తా ఆయనకి జోకు అయిపోయింది. మర్నాడు మళ్ళీ అదే పిలుపు.

నేను పడ్డది ఒక మధ్యాహ్నం, భోజనాల గంట కొట్టబోయే ముందు. పై అరలో ఉన్న పెద్ద గిన్నె దించాలని స్టూలెక్కాను. కింద ఎవరో నూనె ఒలకబోసి, తుడుస్తాం తుడుస్తాం అంటూ వదిలేశారు. గిన్నె నా చేతికి అందేసరికి స్టూలు కాళ్ళు జారడం మొదలుపెట్టాయి. మీసాలాయన నా పక్కనే ఉన్నాడు, చెయ్యి చాపితే అందుతాను. ఆయన వెనక మరో ఇద్దరు వడ్డించేవాళ్ళు. గదికి ఆ చివర పొయ్యి మీద బాణలి, దానినిండా కాగుతున్న నూనె.

మాస్టారు చూసింది నన్నే. అందరికన్నా ముందు చూసిందీ ఆయనే. చూసి గుండె పగిలేలా అరిచాడు.

"…… పడిపోతోంది! పట్టుకోండి!"

మన భాష సంగతి మీకు తెలుసు కదా. మగవాడైతే పడిపోతున్నాడు అంటాం. ఆడదైతే పడిపోతోంది, బాణలైనా పడిపోతోంది. ఇద్దరినీ ఒకే గాటన కట్టేశారు మన పెద్దలు. మీసాలాయన నన్ను దాటుకుని ఉరికాడు. వెనక ఇద్దరూ దొరికిన గుడ్డల్లా అందుకుని ఆయన వెంట పడ్డారు. ముగ్గురూ వెళ్ళి బాణలి చెవులు పట్టుకున్నారు. బాణలికేం, అది పొయ్యి మీద బండరాయిలా కూర్చుని ఉంది. నేను పడ్డాను. ముందు నా కుడిచెయ్యి పక్క పొయ్యి మీద కాలుతున్న ఇనప పలక మీద పడింది, తర్వాత నేను నేలమీద పడ్డాను.

కింద పడి చూస్తే, ముగ్గురు మగాళ్ళు కదలని బాణలిని కౌగిలించుకున్నంత పని చేసి, "పట్టుకున్నాం మాస్టారూ, పట్టుకున్నాం!" అని అరుస్తున్నారు. నాకు నొప్పికన్నా ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ తర్వాత వచ్చిన కోపం ఇంకా పోలేదు. గోల విని పరిగెత్తుకొచ్చిన మేనేజరు గుమ్మంలో నిలబడి మొట్టమొదట అడిగింది, నూనె ఒలికిందా అని.

ఎముక విరగలేదు. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలి చర్మం ఊడింది. కట్టు కట్టి ఇంటికి పంపించారు.

రెండు రోజులకి మేనేజరూ మాస్టారూ కలిసి మా ఇంటికి వచ్చారు. అన్నయ్య కుర్చీలు వేశాడు. మేనేజరు కుర్చీ అంచున కూర్చున్నాడు, మాస్టారు కూర్చోనే లేదు.

"హెడ్డాఫీసు నుంచి సేఫ్టీ ఆఫీసరు వస్తున్నాడమ్మా," అన్నాడు మేనేజరు. "పక్కనే మనుషులుండగా ఎందుకు పట్టుకోలేదని అడుగుతాడు. మాస్టారు నీ పేరు పెట్టే అరిచారని చెప్పు. గోలలో వినపడలేదని వాళ్ళు చెప్తారు. అంతటితో అయిపోతుంది."

"ఆయన నా పేరు పెట్టి అరవలేదు కదండీ."

"ఆ మాట పైకి పోతే మాస్టారి ఉద్యోగం పోతుంది. రిటైరవ్వబోతున్న మనిషి. ఆయనే పోతే నీకు పొయ్యిలు ఇమ్మని ఎవరు చెప్తారు? అయినా నువ్వు అందరినీ ఇరికించాక ఆ గదిలో నీతో ఎవరు పనిచేస్తారమ్మా? గిన్నెలు తోమే చోటు కూడా దొరకదు. ఆలోచించుకో మరి."

ఇదంతా ఎంతో మెత్తగా చెప్పాడు. చెప్పినంతసేపూ నా కట్టువైపు ఒక్కసారీ చూడలేదు. మాస్టారు మాత్రం దాన్నే చూస్తున్నాడు. తువాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"నోరు జారిందే తల్లీ. నా కూతురులాంటిదానివి. ఎప్పుడన్నా ప్రేమతోనే అన్నాను. దేవుడిమీద ఒట్టు."

"కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు మాస్టారూ. అయినా నోరు ఒకసారి జారుతుంది, రెండుసార్లు జారుతుంది. రోజూ జారేదాన్ని నోరనరు, జారుడుబండ అంటారు."

ఈసారి ఆయన నవ్వలేదు.

వాళ్ళు వెళ్ళాక అన్నయ్య అన్నం కలిపి నా ఎడమచేతికి అందేలా కంచం జరిపాడు. "అలాగే చెప్పెయ్యవే," అన్నాడు. "నీదేం పోయింది? రేపు గరిటె నీ చేతిలోకొచ్చాక ఎవడా మాట అంటాడో చూద్దాం."

"అప్పుడూ అంటారు. చివర మేడం అని తగిలిస్తారు, అంతే."

అన్నయ్య నవ్వబోయి ఆగిపోయాడు. "నేనూ అంటున్నాను కదే. నువ్వెప్పుడూ ఏమీ అన్లేదు."

"నువ్వంటే నాకు నొప్పి లేదు అన్నయ్యా. ఆ మాటతో నన్నెంత కొట్టారో నిన్నూ అంతే కొట్టారు. ఇంట్లో మనం మనం దాంతో ఆడుకుంటే అది వేరు. నువ్వు గేటు దగ్గర అరుస్తావు చూడు, అది విన్న ప్రతివాడూ తనకీ లైసెన్సు ఇచ్చేశామనుకుంటున్నాడు."

అన్నయ్య తల దించుకుని తన కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు.

నాకు ఆ పొయ్యిలు కావాలి. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. అంత పెద్ద మంటని చేతిలో పెట్టుకుని, ఆకలితో వచ్చినవాళ్ళందరికీ వేళకి కడుపు నింపడం కన్నా గొప్ప పని నాకు తెలియదు. మాస్టారి ఉద్యోగం పోవాలని కూడా నాకు లేదు. ఒక్క అబద్ధంతో రెండూ దక్కుతాయి. చెప్పాలని ఎంత లేదన్నా మనసు లాగింది. కానీ ఆ అబద్ధం చెబితే, రేపు ఇంకొకళ్ళు పడేటప్పుడు కూడా ఆ ముగ్గురూ వెళ్ళి బాణలినే పట్టుకుంటారు.

ఆఫీసరు వచ్చిన రోజున మేనేజరు గదిలో కూర్చోబెట్టారు. ఆఫీసరు పెద్దాయన, కళ్ళద్దాలు, నిదానం మనిషి. ఒక పక్క మేనేజరు, ఎదురుగా మాస్టారు. మీసాలాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. స్టూలు గురించి అడిగారు, చెప్పాను. నేలమీద నూనె గురించి అడిగారు, చెప్పాను.

"మీరు పడేముందు ఈయన ఏమని అరిచారమ్మా?"

మేనేజరు నావైపు చూశాడు. మాస్టారు నేలవైపు చూశాడు.

"ఆయన్నే అడగండి సార్. మాట ఆయనది."

ఆఫీసరు అటు తిరిగాడు. "పేరు పెట్టి అరిచానండీ," అన్నాడు మాస్టారు.

"ఏ పేరు?"

మాస్టారు భుజం మీది తువాలు సర్దుకున్నాడు. నేను లేచి ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"నా మొహం చూసి చెప్పండి మాస్టారూ. అది ప్రేమ మాట అని మా ఇంటికొచ్చి మరీ ఒట్టేశారు కదా. ప్రేమ మాటైతే దాచుకోవడం దేనికి? రోజూ అన్నదే, గదంతా మారుమోగేలా అన్నదే. ఈ సారు ముందు, నా కళ్ళలోకి చూసి, ఒక్కసారి అనండి. మీరు అనగలిగితే నేను పేరు పెట్టే పిలిచారని చెప్పేస్తాను. మీరు నేర్పిన పొయ్యిమీద ఒట్టు."

"అమ్మా, ఇదేం పద్ధతి?" అని మేనేజరు లేవబోయాడు. ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు.

మాస్టారు తలెత్తాడు. నా కట్టు చూశాడు, నా మొహం చూశాడు. పెదవులు ఆ మాట మొదటి అక్షరానికి దగ్గరకి వచ్చాయి. ఆ అక్షరం నాకు తెలుసు కదా, కనపడింది. అక్కడే ఆగిపోయింది. తువాలుతో నోరు తుడుచుకుని మళ్ళీ ప్రయత్నించాడు. "నేను" అన్నాడు. ఇంకేమీ రాలేదు.

ఆఫీసరు తలుపువైపు చూశాడు. "మీరూ విన్నారు కదా. మీరు చెప్పండి."

"బాణలి పేరండీ," అన్నాడు మీసాలాయన.

"బాణలికి పేరేమిటయ్యా? ఏం పేరు?"

మీసాలాయన మీసం దువ్వుకున్నాడు, నన్ను చూశాడు, కాలు మార్చి నిలబడ్డాడు. "అదేంటండీ, ఆడమనిషి ఎదురుగా నన్నా మాట అనమంటారు?" అన్నాడు.

నవ్వాపుకోలేకపోయాను. గదిలో నవ్వింది నేనొక్కదాన్నే. మాస్టారు కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. నాకు జాలేసింది, చాలా జాలేసింది. పొయ్యిలు నాకిక దక్కవని కూడా అర్థమవుతూనే ఉంది. అయినా వెనక్కి తగ్గాలనిపించలేదు.

ఆఫీసరు కలం కాగితం మీద ఆనించి ఆగాడు. "మరి నేనేం రాసుకోవాలమ్మా? పోనీ మీరు చెప్పండి ఆ మాటేమిటో."

"నేనెందుకు చెప్తాను సార్? నాది కాదు కదా. నా మొహం చూస్తూ వీళ్ళలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. అదే రాసుకోండి."