భాగ్య వినని ముగింపు

విత్తనానికి కావలసిన వేరుశనగను కుందుర్పి చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది ఇంకా చేతులతోనే ఒలిపిస్తారు. మిషనుకు వేస్తే గింజ పగులుతుంది, పగిలిన గింజ మొలవదు. అందుకే తొలకరికి ముందు రైతు శ్రీరంగప్ప ఇంటి వెనకనున్న రాతి కొట్టంలో ఆడవాళ్లు కాయల కుప్ప చుట్టూ చేరతారు. బయట గాలి మట్టిని ఎత్తిపోస్తూ ఉంటుంది కాబట్టి పట్టపగలే తలుపులు మూసేస్తారు. పైకప్పు సందులోంచి వెలుతురు ఒకే ఒక చారగా కుప్ప మీద పడుతుంది. ఎదుటివాళ్ల చేతులు కనబడతాయి గానీ ముఖాలు కనబడవు.

ఆ చీకట్లో సుహానా నవలలు చెప్పేది. వాళ్లన్న ఖలీల్ అనంతపురం బస్టాండు దగ్గర పుస్తకాల అంగట్లో పనిచేస్తాడు. బాగా అమ్ముడుపోతున్న కొత్త నవలల్ని, నలగకుండా తిరిగిచ్చే షరతు మీద చెల్లెలికి తెచ్చిపెడతాడు. మామూలుగా నోరు విప్పని సుహానా, పుస్తకాల గురించయితే కథ చెప్పి ఊరుకోదు. తనకేమనిపించిందో కూడా చెబుతుంది.

మొదట హత్య నవల చెప్పింది. "చంపినోడు ఎవురో నాకు సగంలోనే తెలిసిపోయె. రాసినాయన కతలో అందరికీ అన్నం పెట్టినాడు, వాడొక్కనికే పెట్టలేదు. వాని మింద ప్రేమ లేదని తెలిసిపోలేదా?"

తర్వాత ప్రేమ నవల. అందులో కథానాయకుడు మాటిమాటికీ వానలో తడుస్తుంటాడు.

"అన్ని వానలు యాడ పడతాండాయంట మే?" అని ఎస్తేరు అడిగింది. కొట్టంలో అందరికన్నా నోరున్న మనిషి ఆమె. "ఆ ఊరి పేరు చెప్పు. మూట కట్టుకోని పోదాం."

చెప్పేవాళ్లకు వినేవాళ్లు ఊ కొట్టాలి. ముఖాలు కనబడని ఆ కొట్టంలో ఊ వినబడకపోతే కథ ఆగిపోతుంది. అందరికంటే బాగా ఊ కొట్టేది, వాళ్లతోపాటే కాయలు ఒలిచే రామాంజినమ్మ కూతురు భాగ్య. గోనెసంచుల పక్కన కూర్చుని, గొంతు సాగదీసి, చివర్లో కొంచెం కిందికి దించి "ఊఁ..." అనేది. ఆ ఊ వింటే సుహానాకు ఇంకా చెప్పాలనిపించేది.

మూడో నవల లావుపాటిది. ఒక అమ్మాయి ఏ రైలూ ఆగని స్టేషన్లో దిగుతుంది. నడిచి ఇల్లు చేరుతుంది. ఇంట్లోవాళ్లు అన్నాలు తింటుంటారు. తలుపు దగ్గర నిలబడిన ఆమెను ఎవరూ చూడరు. సుహానాను నిజంగా భయపెట్టిన మొదటి పుస్తకం అదే. అందులో దయ్యం ఎక్కడా లేదు. ఆ పిల్లకు కంచం పెట్టకపోవడమే ఆమెను భయపెట్టింది.

కథ అక్కడిదాకా వచ్చినప్పుడు భాగ్యకు జ్వరం తగులుకుంది. అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయారు. తిరిగి ప్రాణంతో రాలేదు.

కర్మకాండ అయిపోయాక రామాంజినమ్మ మళ్లీ పనికొచ్చి, వచ్చీరాగానే సుహానా పక్కన కూర్చుంది. "ఆ కత యాడికొచ్చినాది?" అని అడిగింది.

సుహానా గొంతు సవరించుకుంది. "ఆ పిల్ల తలుపుకాడ నిలబడుకోని ఉండాది. వాళ్లమ్మ మాత్రం తల ఎత్తి అటు చూసింది."

"ఊఁ..."

గోనెసంచుల వైపు నుంచి వచ్చింది. సాగి, చివర్లో దిగింది.

కాయల చప్పుడు ఆగిపోయింది. సుహానా పక్కకు చూసింది. రామాంజినమ్మ నోటి నిండా వక్కాకు ఉంది, పెదవులు బిగించి ఉన్నాయి. ఎస్తేరు చేతులు కుప్ప మీద, వెలుతురులోనే ఉన్నాయి. ఆమె గొంతు బొంగురు, ఆ ఊ ఆమెది కాదు.

రామాంజినమ్మ వక్కాకు ఊసి వచ్చి, "చెప్పు పాపా," అంది నెమ్మదిగా.

పొద్దుగూకే ముందు, ఇంటికి పోయే దారిలో ఆమె సుహానా చెయ్యి పట్టుకుంది. "ముగించొద్దు. కత అయిపోతే అది పోతుంది. నీకు దండం పెడతా."

సుహానా తలూపింది.

పుస్తకంలో ఇంక కొన్ని పేజీలే ఉన్నాయి. అమ్మాయి మళ్లీ స్టేషనుకు పోతుంది, రైలు ఆగుతుంది, ఎక్కుతుంది. అంతే. సుహానా ఆ రైలును రానివ్వలేదు. అమ్మాయిని అంగడికి పంపింది, పెళ్లికి పంపింది, లేపాక్షి నంది చూడ్డానికి పంపింది. రోజూ ఊ వచ్చేది. రామాంజినమ్మ మెల్లగా అన్నం తినసాగింది, ఒకసారి నవ్వింది కూడా. ఎస్తేరు మాత్రం గోనెసంచుల వైపు వీపు పెట్టడం మానేసింది.

అయితే ఆ ఊ మారుతూ వచ్చింది. ముందు ఆలస్యమయింది, తర్వాత సన్నబడింది. ఒక మధ్యాహ్నం సగంలోనే తెగిపోయి, కాసేపటికి మిగతా సగం వచ్చింది. నిద్ర ముంచుకొస్తున్న పిల్లను భుజం పట్టి కుదుపుతున్నట్టు అనిపించింది సుహానాకు. పోయిన ఏడాది ఒక నవల చదువుతూ తనూ అలాగే అలసిపోయింది. కథ తీరిపోయినా రచయిత మనుషుల్ని మళ్లీ లేపి, వంద పేజీలు నడిపించాడు. ఇంక వదిలిపెట్టయ్యా వాళ్లని అని పుస్తకం మూసేసింది.

మరుసటి రోజు సుహానా తల వంచుకుని చెప్పింది. "ఆ పిల్ల స్టేషనుకు పోయింది."

"ఒద్దు," అంది రామాంజినమ్మ.

"ఊఁ," అంది గోనెసంచుల మూల, గట్టిగా, ముందటిలా.

"రైలొచ్చింది. ఆగింది. ఎక్కింది అత్తా."

ఎవరూ ఊ కొట్టలేదు. బయట గాలి తలుపును తోసి వదిలింది. రామాంజినమ్మ చేతిలో కాయ చిట్లింది.

"నా బిడ్డను ఎక్కిస్తివే," అని లేచి వెళ్లిపోయింది.

తర్వాత ఆమె పనికి రాలేదు. దారిలో ఎదురైనా ముఖం తిప్పుకునేది. కొట్టంలో సుహానా నోరు తెరవలేదు. ఎస్తేరు కూడా చెప్పమనలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఖలీల్ తెచ్చిన కొత్త నవల పట్టుకుని సుహానా ఇంట్లో ఒక్కతే కూర్చుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ. మొదటి పేజీ బాగుంది. పెదవులైనా కదపకుండా చదువుకుంటూ పోయింది. పేజీ చివర అక్క చెల్లెలికి జడ వేస్తూ ఏదో రహస్యం చెప్పబోయింది.

"ఊఁ..."

చెవి పక్కనే. చల్లగా.

మెడ మీద చెమట ఆరిపోయింది. సుహానా వేలును ఆ వాక్యం మీదే ఉంచి, పుస్తకం మూసి, ఎండలోకి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

రామాంజినమ్మ గడప మీద కూర్చుని ఉంది. సుహానాను చూసి లోపలికి పోబోయింది.

"అత్తా, ఇంగొక కత ఉండాది," అంది సుహానా. "నేను మనసులో చదువుకుంటా ఉంటే..."

రామాంజినమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత సుహానా భుజం పక్కన ఖాళీలోకి, ఒక మనిషి ఎత్తున చూసింది. అక్కడే చూపు ఆపి, లోపలికి వెళ్లి చాప తెచ్చి పరిచింది.

"ఎండలో ఎందుకు నిలబడుకోనుండారు," అంది. "రాండి, ఇద్దురూ కూచోండి."