మంచు మీద గూడు

మా కొండల్లో జులై అంటే నడి చలికాలం. ఆ జులైలో వాలు మీది మంచు విరిగిపడి మా చెల్లెలు ఎర్మిందా మొగుడు ఎవరిస్తోని తీసుకుపోయింది. అతను స్కీ వాలు మీద, జనాన్ని తీగకి వేలాడే కుర్చీల్లో పైకి చేర్చే లిఫ్టు నడిపేవాడు. గడకర్రలతో పొడిచి వెతికాం. టోపీ ఒక్కటే దొరికింది.

మనిషి ప్రాణం పోయిన చోట మావాళ్ళు చిన్న గూడు కట్టి కొవ్వొత్తి పెడతారు. మంచు కరిగి నేల కనబడేదాకా ఆగమన్నాను. ఎర్మిందా ఆగలేదు. పాతిపెట్టడానికి మనిషి లేడు, దీపమన్నా పెట్టుకోనీ అంది. చెక్కలతో గూడు చేసి, టోపీ దొరికిన చోట మంచు మీదే నిలబెట్టాను.

సెప్టెంబరు ఎండకి గూడు కదిలింది. ముందు ఒరిగింది, తర్వాత మంచుతో పాటే వాగు వెంట దిగడం మొదలుపెట్టింది. స్కీకి వచ్చే సాంతియాగో పట్నం వాళ్ళు ఆ పక్కకి రావడం మానేశారు.

"చచ్చినోడికి ఇల్లు కట్టావా, బండి కట్టావా రూపెర్తో?" అన్నాడు మేకల లిందోర్. ఎవరూ నవ్వలేదు. మా ఆయన ఇంటికి వస్తున్నాడు అంది ఎర్మిందా.

జనవరికి కొండంతా రాయి, ఎండు గడ్డి. లిఫ్టు ఖాళీ కుర్చీలు గాలికి ఊగుతున్నాయి, వాటి కింద లిందోర్ మేకలు మేస్తున్నాయి. వాగులో మాత్రం మురికి మంచు మిగిలింది. దాని మీద గూడు. అడుగున నీళ్ళ చప్పుడు.

గూట్లో దీపం పెట్టొస్తానంది ఎర్మిందా. మంచు కింద డొల్ల ఉంటుంది, పోవద్దన్నాను. మొగుడు తనని పడనివ్వడంది. ఆమె నడుముకి తాడు కట్టి, రెండో కొస మా కంచరగాడిద జీనుకి బిగించాను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అగ్గిపుల్ల గీసింది. గూడు దిగబడింది. వెనకే ఆమె. కంచరగాడిద కాళ్ళు తన్నిపెట్టి నిలబడింది.

అంచు దాకా పాకి పిలిచాను.

"అన్నా, మీ బావ ఇక్కడే ఉన్నాడు. చెయ్యి పట్టుకున్నాను."

"వదిలెయ్. మనుషుల్ని తీసుకుని మళ్ళీ వద్దాం."

"అప్పటిదాకా ఉంటాడా? నీళ్ళు లాక్కుపోతాయి. లాగితే ఇద్దర్నీ లాగు. లేదంటే తాడు కోసెయ్."

పగ్గం పట్టుకుని కంచరగాడిదని నడిపించాను. ఇద్దరూ వచ్చారు. గూడుని వాగు తీసుకుపోయింది.

ఎవరిస్తోని ఊళ్ళో పాతిపెట్టాం. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మళ్ళీ మంచు పడి గట్టిపడ్డాక ఎర్మిందా చెక్కలు మోసుకొచ్చింది. మనిషి దొరికాడు కదా, ఇంకెందుకన్నాను. సమాధిలో ఉన్నది ఒళ్ళే, ప్రాణం పోయింది పైన కదా, అక్కడ దీపం లేదు అంది. పోనీ పక్కనున్న బండ మీద పెడదామన్నాను.

"బండ మీద చచ్చాడా అన్నా?"

కట్టాను. టోపీ దొరికిన చోటే పెట్టాను. ఈసారి గూడుకి పొడుగాటి తాడు కట్టి, రెండో కొస బండకి ముడేసి, మంచు జారితే కిందినుంచే తెలిసేలా మిగతాది మంచు మీద చుట్టగా వదిలాను. ఈ ఏడు ఎవరిస్తో నడిపిన లిఫ్టు నాకే అప్పగించారు. లిఫ్టు గది సరిగ్గా ఆ వాలు కింద ఉంది.

తెల్లారి లిఫ్టు గది తలుపు తీసి పైకి చూశాను. చుట్టని కప్పడానికి కొత్త మంచు కూడా పడలేదు. చుట్ట లేదు. బండ నుంచి గూడు దాకా తాడు తీగలా బిగిసి ఉంది.