ముట్టినట్టు సంతకం

కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ ఎండ స్నానాలగది కిటికీలోంచి నేరుగా వీపు మీద పడుతోంది. యుసేబియో మోకాళ్ల మీద కూర్చుని ఆఖరి వరస టైల్స్ అతికిస్తున్నాడు. భార్య ఎర్మెలిందా బకెట్లో సిమెంటు జిగురు కలుపుతోంది. ఆ జిగురూ టైల్సూ వీళ్ల పేరు మీద దుకాణంలో అప్పుగా తెచ్చినవే.

కాంట్రాక్టరు ఫిదెన్సియో గుమ్మంలో నిలబడి కాగితం చాపాడు.

"కొంపాద్రే, కూలి ముట్టినట్టు ఇక్కడో సంతకం పడేయండి. ఇది చూపిస్తేగానీ ఈ ఇంటి యజమానురాలు ఆఖరి చెక్కు ఇవ్వదట. శుక్రవారం మీ ఎనిమిది వేల నాలుగొందల డాలర్లు మీ చేతిలో పెడతా."

"ముట్టకుండానే ముట్టిందని రాసివ్వాలా?" అంది ఎర్మెలిందా. "కూలి ఎగ్గొడితే కట్టిన ఇంటి మీదే హక్కు వేయొచ్చని, బాకీ తేలేదాకా ఇల్లమ్మడం కష్టమవుతుందని చర్చిలో చెప్పారు. ఈ సంతకంతో ఆ హక్కు కాస్తా పోతుంది."

ఫిదెన్సియో నవ్వాడు. "చూశారా, మా కోమాద్రేకి నేను దొంగలా కనిపిస్తున్నా! జ్ఞానస్నానం రోజు మీ పిల్లని ఎత్తుకున్న చేతులండీ ఇవి."

అంతే, యుసేబియో చెవులు ఎర్రబడ్డాయి. బిడ్డకు జ్ఞానతండ్రిగా నిలిచి, కొంపాద్రే, కోమాద్రే అని వరస కలిపి పిలిచేవాడు తోబుట్టువు కంటే ఎక్కువ. అతన్ని అనుమానిస్తే నలుగురిలో తలెత్తుకోలేరు. గబగబా చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టేశాడు. మొహమాటం కొంప ముంచుతుందని ఊరికే అన్నారా!

శుక్రవారం ఫిదెన్సియో ఫోను ఎత్తలేదు. ఆ పై వారం ఎత్తి, "వచ్చింది పాత బాకీలకే సరిపోయింది, కాస్త ఓపిక పట్టండి" అన్నాడు. ఇంటద్దె కోసం టైల్స్ కోసే మిషను కుదువ పెట్టారు. దుకాణంవాడు కోర్టుకు లాగుతానన్నాడు.

మొగుడూ పెళ్లాం టైల్స్ వేసిన ఇంటావిడ దగ్గరికి వెళ్లారు. చెడ్డ మనిషేం కాదు, మంచినీళ్లిచ్చింది. కాగితం తెచ్చి, పైన లావు ఇంగ్లీషు అక్షరాలున్న చోట వేలు పెట్టి, వాళ్లకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పింది.

"డబ్బు అందకపోయినా సరే, ఈ సంతకంతో మీ హక్కు పోతుందని రాసుంది. ఇంత స్పష్టంగా ఉంటే ఎలా పెట్టారమ్మా? నేనైతే ఆయనకి మొత్తం ఇచ్చేశాను."

ఆ పాడు అక్షరాలు చదవడం రాకపోతేనేం, ఎర్మెలిందా ఆ రోజే చెప్పింది కదా! వాళ్లు వేసిన టైల్స్ మీద ఆమె కుక్క చల్లగా పడుకుని ఉంది.

ఆదివారం ఫిదెన్సియో పిల్లకి గౌను పట్టుకుని వచ్చాడు. సిగ్గులేని జన్మ! వాళ్ల బీన్సూ రొట్టెలూ తిని, మూతి తుడుచుకున్నాడు.

"రేపట్నించి కొత్త ఇల్లు కొంపాద్రే. పాతవీ కొత్తవీ కలిపి ఒకేసారి ఇచ్చేస్తా."

"మొదటి టైలు వేసే ముందు ఆ ఇంటివాళ్లకి రిజిస్టరు ఉత్తరం వెళ్తుంది," అంది ఎర్మెలిందా. "పని చేసేది మేమని, కూలి రాకపోతే ఇంటి మీద హక్కు వేస్తామని. డబ్బు చేతిలో పడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టం."

"నన్ను బజారుకీడుస్తారా?" అన్నాడు ఫిదెన్సియో, యుసేబియో వైపు తిరిగి.

యుసేబియో తల ఎత్తి భార్య వైపు చూశాడు.

"తను చెప్పిందే నా మాటానూ."

"అలాగా! మీ తమ్ముడు క్రిసోఫొరో పని కోసం నా కాళ్లావేళ్లా పడుతున్నాడు. వాడికి ఇన్ని తెలివితేటలు లేవులెండి."

సోమవారం పొద్దున్నే ఫిదెన్సియో ట్రక్కు సందు మలుపులో ఆగింది. క్రిసోఫొరో పనిముట్ల సంచీతో ఎక్కాడు. ఎర్మెలిందా చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తి తలుపు పట్టుకుంది.

"మరిదీ, డబ్బు ముట్టేదాకా సంతకం పెట్టకు! నీ కాళ్లు పట్టుకుంటా, పెట్టకు!"

"మీకు పని అక్కర్లేకపోతే మానుకోండి వదినా. నా నోటి కాడ కూడు ఎందుకు తీస్తావు?" అని క్రిసోఫొరో ఆమె వేళ్లు విడదీసి, అద్దం పైకెత్తుకున్నాడు.