రెండు జానల దూరం

నేను ఒక ఖోఖో స్తంభాన్ని. జాతికి తుమ్మ. వడ్రంగి నున్నగా చిత్రిక పట్టాడు గానీ నా కరుకుదనం పోలేదు. ఆదోని వైపు ఒక ఆడపిల్లల హైస్కూలు మైదానంలో తొమ్మిదేళ్ళు నిలబడ్డాను. నా దగ్గర ఎవరికీ ఏదీ ఊరికే రాలేదు. తొమ్మిదో తరగతి సుంకులమ్మకైతే మొదటి నెలలోనే ఒక పన్ను ఖర్చయింది.

ఆటల సారు రంగస్వామి ఆమె కళ్ళకు గంతలు కట్టి ఉరికించేవాడు. కూర్చున్న వరుస పొడవునా అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి, దూకి, ఒంటిచేత్తో నన్ను పట్టుకోవాలి. పట్టు తప్పితే నెత్తురే.

"లెయ్ మే! గొడ్డుకైనా దొడ్డి యాడుందో తెలుస్తాది," అనేవాడు.

ఆరు నెలలకు మైదానమంతా ఆమె తలలోకి ఎక్కింది. ఆ లాభం తరగతికీ పాకింది. తరగతి కిటికీ నాకు ఎదురుగానే ఉండేది. పెట్టె బొమ్మ చూపి వెనక వైపు గీయమంటే తెల్లముఖం వేసే పిల్ల, ఇప్పుడు కళ్ళు మూసుకుని పెట్టెను తలలోనే తిప్పి చెప్పేస్తోంది.

"ఎవరు నేర్పిరే?" అంది లెక్కల టీచరు విశాలాక్షి.

"గుంజ నేర్పింది టీచర్."

పిల్లలంతా నవ్వారు. టీచరు నవ్వలేదు.

క్రీడా హాస్టలుకు పిల్లల్ని ఎంచే పెద్దలు వచ్చారు. ఎంపికైతే మూడు పూటలా అన్నం, ఇంటరు దాకా చదువు. లేకుంటే ఉల్లిచేలల్లో కూలి. ఆ ఉదయం పెద్దల కుర్చీలకు నీడ చాలలేదు. షామియానా జరపడానికి నేను అడ్డమని రంగస్వామి నన్ను పెకలించి, రెండు జానలు ఇవతలికి, పిల్లలు కూర్చునే వరుస వైపుకు పాతించాడు. గొప్ప చూపే తొందరలో ఆ మాట సుంకులుకు చెప్పలేదు. గంతలు మాత్రం మరవకుండా కట్టాడు.

"చూడండి సార్, ఈ పిల్లకు కళ్ళతో పనే లేదు!"

ఈల మోగింది. సుంకులు ఎప్పటిలాగే పదిహేడో అడుగుకు దూకింది. నేనుండాల్సిన చోటికే చెయ్యి చాచింది. ఆ చెయ్యి నన్ను దాటిపోయింది. నుదురు దాటలేదు.

పెద్దలు మజ్జిగ తాగి, వేరే పిల్ల పేరు రాసుకుని వెళ్ళారు.

రెండు నెలలకు సుంకులు బడికొచ్చింది. విశాలాక్షి మళ్ళీ పెట్టె బొమ్మ ముందు పెట్టింది. "వెనక ఎట్లుంటుంది తల్లీ?"

పిల్ల బొమ్మను అటూ ఇటూ తిప్పింది. "ముందు వైపు ఏది టీచర్?" అంది.

ఇప్పుడు నేను బడి వంటశాల వెనక కట్టెల్లో ఉన్నాను. 'అమ్మాయి అడుగుల లెక్క తప్పింది' అని రంగస్వామి స్కూలు పుస్తకంలో రాశాడు. ఆమె లెక్క తప్పలేదు. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు లేదు. నోరున్నవాడు ఆ రోజు ఈల ఊదుతున్నాడు.